అన్నింటికీ ఒకటే హెచ్చరిక

కాలిఫోర్నియాలో ఏ వస్తువు కొన్నా పసుపు త్రికోణం, మధ్యలో ఆశ్చర్యార్థకం. కుర్చీకీ అదే, చెప్పులకూ అదే, ఇండియన్ స్టోర్‌లో ధనియాల పొడి ప్యాకెట్టుకు త్రికోణం లేకపోయినా హెచ్చరిక అదే: క్యాన్సర్ రావచ్చు, పుట్టబోయే బిడ్డకు హాని కలగవచ్చు! ఎంత ఉంది, ఎంత తింటే ప్రమాదం? ఆ ముక్క మాత్రం ఉండదు.

1986లో ఓటర్లే నెగ్గించిన ప్రపోజిషన్ 65 అనే రాష్ట్ర చట్టం చలవ ఇది. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ అమలు తీరు చూడండి. హానికరమని రాష్ట్రం ప్రకటించిన జాబితాలో 900 పైచిలుకు రసాయనాలు. వాటి ప్రమాదం గురించి హెచ్చరిక లేకపోతే ఒక్కో ఉల్లంఘనకు రోజుకు 2,500 డాలర్ల దాకా జరిమానా. సర్కారే కేసు వేయాలనేమీ లేదు. 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఎవరైనా వేయవచ్చు, జరిమానాలో పావు వంతు వాళ్లకే. లాయర్ల ఫీజు సంగతి సరేసరి.

అనవసరంగా అంటించినవాణ్ణి మాత్రం ఈ చట్టం పల్లెత్తు మాట అనదు. పరీక్షల కన్నా స్టిక్కరే చవక, ఇంకేం, అన్నింటికీ కొట్టేస్తున్నారు! నిజంగా సీసం ఉన్న పసుపు పొడి డబ్బా ఏదో, లాయరు నోటీసుకు భయపడి అంటించిన డబ్బా ఏదో మనమే కనిపెట్టుకోవాలి. పదిమంది కన్నా తక్కువ పనివాళ్లున్న వ్యాపారానికైతే అసలు ఈ నిబంధనే లేదు. మరి ఆ సంగతి సీసానికి ఎవరు చెప్పారో!