మూడడుగుల నేల

వామనుడు మూడడుగుల నేల అడిగి, రెండడుగుల్లోనే భూమినీ ఆకాశాన్నీ కొలిచేసి, మూడో అడుగుకు చోటు చాలక బలి తల మీద కాలు మోపాడని చెబుతారు. రైల్వేలో ఎవరైనా ఇంత తొందరపడి ఉంటే శాఖాపరమైన విచారణ తప్పేది కాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఒడిశాలోకి వెళ్లే మా నౌపడ - గుణుపురం రైలు లైను రెండున్నర అడుగుల గేజు (అంటే పట్టాల నడుమ ఎడం) నుంచి అయిదున్నర అడుగులకు, అంటే సరిగ్గా మూడడుగులు వెడల్పు కావడానికి, 2004లో ఆగిన బండి 2011లో గాని మళ్లీ గుణుపురం చేరలేదు. ఏడాదికి అయిదంగుళాల చిల్లర అన్నమాట.

సముద్రపు గాలి తగిలే ఉప్పు మడుల పక్కనున్న నౌపడ స్టేషను నుంచి మా పర్లాకిమిడికి 40 కిలోమీటర్ల మేర గౌరచంద్ర గజపతి రాజావారు పట్టాలు వేయించగా, 1900లో బండి నడిచింది. ఎన్నికల్లో నిలబడే అవసరం లేకపోవడం వల్ల, ఒకే పనికి ఎన్నిసార్లు శంకుస్థాపన చేయవచ్చునో పాపం ఆయనకు తెలిసి ఉండదు. అక్కడి నుంచి గుణుపురం మరో 50 కిలోమీటర్లే అయినా, అక్కడికి లైను చేరేసరికి 1931 వచ్చింది. భాగించి చూస్తే రోజుకు నాలుగు మీటర్ల పైచిలుకు. నత్త అయితే ఆ పని పొద్దుటే ముగించుకుని మధ్యాహ్నం కునుకు తీస్తుంది.

ఇంతలో తండ్రి వేయించిన పట్టాలకు అడ్డంగా, కొడుకు కృష్ణచంద్ర గజపతి పాటుపడి సాధించిన ఒడిశా సరిహద్దు 1936 ఏప్రిల్ 1న వచ్చి కూర్చుంది. రాజావారి రాజధాని పర్లాకిమిడి ఒడిశాకు వెళ్లింది, జంక్షను నౌపడ మద్రాసు ప్రెసిడెన్సీలో మిగిలింది. టెక్కలి, పాతపట్నం మీదుగా వచ్చే బండి ఆనాటి నుంచీ రాష్ట్రాంతర యాత్ర చేస్తున్నా, లోపలి తెలుగువాడు ఉన్నచోటనే ఉన్నాడు. స్టేషను బోర్డు మీది అక్షరం గుండ్రంగా కనిపించినంత మాత్రాన ఏ రాష్ట్రంలో ఉన్నదీ తేలదు గదా, తెలుగూ గుండ్రమే, ఒడియా గుండ్రమే.

చిన్నబండి రోజుల్లో మా అమ్మమ్మ పట్టాలు ఎత్తెక్కే చోట బండి దిగి, కొంగు నిండా నేరేడుపళ్లు ఏరుకుని, నడిచే వచ్చి అదే పెట్టె ఎక్కేదట. పళ్లు నలగకుండా కొంగు ముడి ఎలా వేయాలో చూపించేది కూడా. పెద్దబండి వచ్చాక ఆవిడను స్టేషనుకు తీసుకువెళితే, బండిని వదిలేసి పట్టాల నడుమ ఖాళీని తేరిపార చూసి, "ఇంతెడంగా ఏసినారేటిరా, మద్దెన వంగనారు పోత్తారేటి?" అంది.