రాని వరదకు రిబ్బన్ కత్తిరించేదెలా?

స్థానిక సంస్థలు విపత్తులకు సిద్ధంగా లేవని ఎవరైనా అంటే నమ్మకండి. విపత్తు నిర్వహణ ప్రణాళిక అని లావుపాటి పుస్తకం ఒకటి ఉంటుంది, స్పైరల్ బైండింగ్‌తో, రంగుల మ్యాపులతో. ఎక్కడుంటుందంటే ఆఫీసు కింది అంతస్తులో, బీరువాలో, అడుగు అరలో. వరదొస్తే ఊళ్ళో ముందుగా మునిగేది అదే. తాళంచెవి ఉన్నాయన ఆ రోజు సెలవులో ఉంటాడు, అది వేరే సంగతి.

ఆ పుస్తకాన్ని తక్కువ చేయకండి. 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని, జాతీయ స్థాయిలోనూ స్థానిక స్థాయిలోనూ విపత్తు వ్యూహాలున్న దేశాల సంఖ్యని 2020 కల్లా బాగా పెంచాలని ఒప్పుకున్నాయి. లెక్కపెట్టేది ప్రణాళికల్ని అయినప్పుడు పెరగాల్సింది ప్రణాళికలే కదా. పక్క ఊరిది తెచ్చి పేరు మారిస్తే ఒక సాయంత్రం పని. అందుకే సముద్రం మొహమే చూడని ఊరికి కూడా సునామీ అధ్యాయం ఉండొచ్చు, నష్టమేముంది, ముందుజాగ్రత్త!

ఇక కాలవల్లో పూడిక ఎందుకు తీయరని అడిగేవాళ్ళు ఒక్కసారి చైర్మన్ కుర్చీలో కూర్చుని ఆలోచించాలి. పూడిక తీయిస్తే ఏమవుతుంది? వాన పడుతుంది, నీళ్ళు పోతాయి, జనం ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. జరగని దాన్ని ఫొటో తీయడం ఎలాగండీ? అదే వదిలేస్తే నడుంలోతు నీళ్ళు, ఒక పడవ, పడవలో నిలబడి చెయ్యూపుతున్న చైర్మన్, ఆయన చేతుల మీదుగా దుప్పట్లు, చుట్టూ కెమెరాలు. నేనేదో వెటకారానికి అంటున్నాననుకోకండి, దీనికి లెక్కలున్నాయి. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా ఎన్నికల లెక్కలు తవ్వి 2009లో తేల్చిందేంటంటే, విపత్తు తర్వాత సాయానికి ఖర్చుపెడితే ఓట్లు పడుతున్నాయి, ముందే జాగ్రత్తలకు పెడితే పడటం లేదు. ముందు పెట్టిన ఒక డాలరు తర్వాత జరగబోయే నష్టంలో సుమారు 15 డాలర్లు తగ్గిస్తుందని లెక్కగట్టిందీ వాళ్ళే. ఒకటికి పదిహేను లాభం, ఓట్లు మాత్రం సున్నా. ఇప్పుడు చెప్పండి, తెలివితక్కువవాళ్ళు చైర్మన్లా, మనమా?

ఇంజినీర్ల భాష కూడా కొంచెం సాయం చేస్తుంది. 'వందేళ్ళ వరద' అని ఒక మాట కనిపెట్టారు. ఏ ఏడాదైనా అంత వరద వచ్చే అవకాశం 1 శాతం అని దానర్థం, అంటే ఇల్లు కొని 30 ఏళ్ళ వాయిదాలు కట్టేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. కానీ మీటింగులో వినబడేది 'వందేళ్ళు' ఒక్కటే. పోయినేడాదే వచ్చేసింది కాబట్టి ఇంకో 99 ఏళ్ళు నిశ్చింత అని, ఆ మధ్యాహ్నమే చెరువు పక్కన లేఅవుట్‌కి అనుమతి. మ్యాపులో ముంపు గీత అడ్డమొస్తే గీతే కాస్త పక్కకి జరుగుతుంది. నీళ్ళకి మ్యాపు చదవడం రాకపోవడమే అసలు సమస్య.

మొండికేసి ముందుచూపు చూపిన ఆయనకేం దక్కిందో కూడా చూడండి. జపాన్‌లో ఫుదాయ్ అని చిన్న ఊరు, సముద్రం పక్కన. పాత సునామీల్లో వందలమంది పోయారు. మేయర్ కొతోకు వామురా పట్టుబట్టి 15.5 మీటర్ల ఎత్తున వరద గేటు కట్టించాడు, 1984లో పూర్తయింది. ఇంత ఎత్తెందుకు, డబ్బు దండగ అని తిట్టని వాళ్ళు తక్కువ. 2011 మార్చిలో చుట్టుపక్కల ఊళ్ళు కొట్టుకుపోయాయి, గేటు వెనకాల ఉన్న ఫుదాయ్ మాత్రం నిలబడింది. అప్పుడు జనం వెళ్ళి ఆయన సమాధికి దణ్ణం పెట్టుకున్నారు. ఆయన 1997లోనే పోయాడు. మరి 14 ఏళ్ళు ఆలస్యంగా వచ్చే దండాలతో ఏ నాయకుడు నామినేషన్ వేస్తాడు?

మాక్ డ్రిల్ జరుగుతోంది కదా అంటారా? జరుగుతుంది. ఎండ కాస్తున్న రోజు, ఉదయం పదకొండింటికి, ఎవరు ఎక్కడ 'గాయపడి' పడుకోవాలో ముందే చెప్పి మరీ. తుఫాను కూడా కాస్త టైం చెప్పి వస్తే మన ఏర్పాట్లకి వంక పెట్టే పని ఉండదు.

అందుకని నాదొక చిన్న సూచన. ముందుజాగ్రత్త పనికి కూడా ప్రారంభోత్సవం పెడదాం. వాన వెలిసిన మర్నాడు కల్వర్టు పక్కన 'నిన్న ఇక్కడ నీళ్ళు నిలవలేదు' అని శిలాఫలకం, పైన చైర్మన్ ఫొటో, కింద కౌన్సిలర్ల పేర్లు. రాని వరదకి ఏటా వార్షికోత్సవం. సిగ్గుపడాల్సిందేమీ లేదు, కాలవ పారితే చాలు.

ఇదంతా రాసి ఆఫీసులో ఇచ్చాను. దాంతోపాటు ఆ ప్రణాళిక పుస్తకాన్ని కనీసం మేడ మీదికి మార్చమని ఒక అర్జీ కూడా పెట్టాను. చాలా మర్యాదగా తీసుకున్నారు, ముద్ర వేశారు, నంబరిచ్చారు. వానాకాలం అయ్యాక కమిటీ కూర్చుంటుందట, అందాకా భద్రంగా ఉండాలని నా కళ్ళ ముందే బీరువా అడుగు అరలో పెట్టి తాళం వేశారు.