ఒక నల్లబంతి, అయిదుగురు గురువులు

నల్లగొండ పేరు చెప్పగానే లోకానికి ఒక టెక్నిక్ గుర్తుకు వస్తుంది. పటిక, సున్నం కలిపి తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే ఆ పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు. అయితే ఈ మధ్య మన ఊరు రెండవ టెక్నిక్‌ను కూడా కనిపెట్టిందని, దాని ప్రయోగశాల క్లాక్ టవర్‌కు కూతవేటు దూరంలో ఒక మందుల దుకాణం మీది అంతస్తులోని పూల్ ఆట గదిలో ఉన్నదని, అందులో ప్రయోగానికి దొరికిన జీవిని నేనేనని సవినయంగా మనవి చేస్తున్నాను. పూల్ బల్ల మీద వంగిన మనిషిని వెనుకనుంచి సలహాలతో కొట్టి, అతనిలో పుట్టుకతో వచ్చిన గురిని పూర్తిగా తొలగించడమే ఆ టెక్నిక్. నీటిలో ఫ్లోరైడ్ కొంచెమైనా మిగులుతుందేమో గాని, ఈ పద్ధతిలో గురి చుక్క కూడా మిగలదు.

చిన్నప్పుడు గోటీలాటలో నాకు కొద్దిపాటి పేరుండేది. ఆ ధీమాతోనే నలభై ఆరేళ్ళ వయసులో క్యూ, అంటే బంతులను కొట్టే కర్ర, పట్టాను. పదిహేను బంతులు, వాటిని కొట్టడానికి ఒక తెల్లబంతి, ఆ పదిహేనులోనే చివరికి వేయవలసిన ఎనిమిదో నంబరు నల్లబంతి. ఇందులో బ్రహ్మవిద్య ఏమున్నదని అనుకున్నాను. మూడు వారాలు గడిచినా ఎదురుగా ఉన్న బంతి పాకెట్ అనే బల్ల అంచు గుంత అంచును ముద్దాడి వెనక్కి వస్తుండడం చూసి, విద్య తెలిసినవారిని ఆశ్రయించాలన్న దుర్బుద్ధి నాకు పుట్టింది. అక్కడ అందరికంటె బాగా ఆడే ఆటగాడి దగ్గరికి వెళ్ళి, గురి ఎలా చూస్తారని చేతులు కట్టుకొని అడిగాను. ఆయన చాక్ రుద్దుకుంటూ చాలాసేపు ఆలోచించి, "ఏమున్నదన్నా, కనవడ్తది, కొడ్త" అని సెలవిచ్చారు. ఉపనిషత్తులు కూడా ఇంత క్లుప్తంగా లేవు.

బాగా ఆడేవారు చెప్పలేరు కనుక, ఆ లోటును తీర్చడానికి ఆడలేనివారు ముందుకు వస్తారు. ఆ సంగతి నాకు ఒక శనివారం సాయంత్రం పూర్తిగా తెలిసివచ్చింది. బల్ల మీద నా బంతులన్నీ ఎలాగో అయిపోయి, మూలకు జానెడు దూరంలో నల్లబంతి ఒక్కటే మిగిలింది. దాన్ని వేస్తే ఆట నాది, ఓడినవాడిది బల్ల కిరాయి. నేను వంగి, ఎడమచేతి వేళ్ళ మీద క్యూ ఆనించి, ఊపిరి బిగబట్టాను. సరిగ్గా అప్పుడు మొదటి గురువుగారు "ఆగున్రి సార్" అన్నారు.

ఆయన ప్లాట్ల వ్యాపారి. లేనిదాన్ని ఉన్నట్టు చూపడం ఆయనకు వృత్తిధర్మం. అందుకే ఆయన బోధించేది దయ్యపు బంతి సిద్ధాంతం. కొట్టవలసిన బంతికి, పాకెట్‌కు ఎదురు వైపున, ఆనుకొని ఇంకొక బంతి ఉన్నట్టు ఊహించుకొని, తెల్లబంతిని ఆ లేని బంతి చోటులోకి పంపాలి. సిద్ధాంతం తప్పు కాదు. లోకమంతా దానితోనే నేర్చుకుంటుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ఏ స్తంభానిదో తెలియకుండా పగలంతా కదలని నీడను చూస్తూ పెరిగిన జిల్లావాళ్ళం, లేని బంతిని ఊహించుకోవడం మనకు కష్టం కాకూడదు. కాని ఆ నీడ మాట్లాడదు, గురువుగారు మాట్లాడతారు. "కనవడ్డదా సార్? ఇంకొంచెం కుడికి. ఇప్పుడు కనవడ్డదా?" అని ఆయన నా చెవిలో అడుగుతూ ఉంటే, నాకు నిజంగానే ఒక దయ్యం కనిపించింది. అది బంతి రూపంలో లేదు.

రెండవవారు ఇంటర్‌మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్. తెల్లబంతి నడుమను ఎదుటి బంతి అంచుకు గురిపెడితే ఆ ఎదుటి బంతి 30 డిగ్రీల కోణంలో వెళ్తుందని, అయితే బంతులు రాసుకునేటప్పటి ఘర్షణ దాన్ని కొంచెం లాగుతుంది కనుక ఇంకాస్త పలుచగా, అంటే ఆ బంతికి తక్కువగా తగిలేలా, కొట్టాలని, 1835లోనే కొరియోలిస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బిలియర్డ్స్ బంతుల మీద ఒక గణిత గ్రంథం రాశాడని ఆయన వివరించారు. ఇవన్నీ నిజాలే. నేను వంగి ఉన్నానన్నది కూడా నిజమే, కాని దాని మీద ఎవరూ గ్రంథం రాయలేదు. మూడవవారు తెల్లబంతికి సైడ్ పెట్టమన్నారు, అంటే దాన్ని నడుమ కాక పక్కన కొట్టి తిప్పమన్నారు. పక్కన కొట్టిన తెల్లబంతి బయలుదేరేటప్పుడే గురి నుంచి అవతలి వైపుకు తొలగుతుందని, నేర్చుకునేవాడికి అది ఉరితాడని లెక్చరర్ అభ్యంతరం చెప్పగా, ఇద్దరూ నా వీపు మీదుగా వాదించుకున్నారు. నాలుగవవారు నా ఏ కన్ను బలమైనదో తేల్చనిదే ఆట సాగకూడదని పట్టుబట్టి, గోడ మీది క్యాలెండర్‌కు వేలు చూపించి, ఒక్కొక్క కన్ను మూయించారు. అయిదవవారు ఆట ఎన్నడూ ఆడలేదు. మిర్చీ బజ్జీలు తినడానికి వస్తారు. ఆయన మాత్రం "ధైర్యంగ కొట్టు బిడ్డా" అన్నారు.

ఇంతలో కరెంటు పోయింది. నేను లేస్తానంటే, లేస్తే గురి చెడుతుందని నలుగురూ ఏకకంఠంతో వారించారు. ఆ సాయంత్రం వారికి ఏకాభిప్రాయం కుదిరిన విషయం అదొక్కటే. అయిదు సెల్‌ఫోన్ల లైట్లు వెలిగాయి. బతుకమ్మ చుట్టూ ఆడినట్టు బల్ల చుట్టూ తిరుగుతూ, ఒక్కొక్కరు ఒక్కొక్క వైపునుంచి లైటు వేయడంతో నల్లబంతికి అయిదు నీడలు పడ్డాయి. ఏ నీడ వెంట కొట్టాలన్న దాని మీద మళ్ళీ చర్చ మొదలైంది. చాయ్ వచ్చింది, వారు తాగారు. నా గ్లాసును నా క్యూకు అడ్డంగా బల్ల అంచున పెట్టి, దాన్ని తాకకుండా కొట్టడం కూడా ఒక సాధనేనని ఎవరో అన్నారు. కరెంటు వచ్చేసరికి నా నడుము క్యూ కంటె బిగుసుకొని పోయింది. నేను దయ్యాన్ని, డిగ్రీలను, సైడ్‌ను, బలమైన కంటిని, ధైర్యాన్ని ఏకకాలంలో స్మరించి కొట్టాను.

నల్లబంతి పాకెట్‌లో పడింది. అయిదుగురూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే తెల్లబంతి, పెద్దమనిషిని సాగనంపడానికి వెళ్ళినట్టు, నింపాదిగా దొర్లుకుంటూ వెళ్ళి దాని వెనకే పడింది. నల్లబంతితోపాటు తెల్లబంతి పడితే ఆట పోయినట్టే. తన మాట పూర్తిగా వినకపోవడం వల్లనే ఇలా జరిగిందని అయిదుగురూ విడివిడిగా తేల్చారు. కిరాయి నేనొక్కడినే కట్టాను.

ఇంతసేపూ గోడ దగ్గర ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. అతడు అక్కడి మార్కర్. బంతులు పేర్చడం, లెక్క చూడడం, చాయ్ తేవడం అతని పని. షటర్ సగం దించిన తరువాత నేను నడుము పట్టుకొని కూర్చుని ఉంటే, అతడు మెల్లగా దగ్గరికి వచ్చి, "సార్, మీ గురి మంచిగనే ఉన్నది. చెయ్యి సక్కగ పోతలేదు" అన్నాడు. బల్ల మీద తెల్లబంతి ఒక్కదాన్నే పెట్టి, నిటారుగా బల్ల ఎదుటి అంచుకు కొట్టి, తిరిగి నా క్యూ మొనకే రప్పించమన్నాడు. నాలుగుసార్లు కొట్టాను, నాలుగుసార్లూ అది జానెడు కుడికి వచ్చింది. నేను కొట్టే క్షణంలో తల లేపుతున్నానని, మోచేయి పక్కకు పోతున్నదని, వేళ్ళతో క్యూను పీక పిసికినట్టు పడుతున్నానని చెప్పాడు. తరువాత ఒక బంతికి ఇంకొక బంతిని పాకెట్ గీతలో ఆనించి పెట్టి, దాన్ని తీసేసి, ఆ ఖాళీ చోట వేలు మోపి, "తెల్లది గీడికి రావాలె, అంతే" అన్నాడు. ప్లాట్ల వ్యాపారి అరగంట చెప్పిన దయ్యం ఆ వేలి కింద బుద్ధిగా కూర్చున్నది. "నిలవడి చూడాలె సార్, వంగి కొట్టాలె. వంగినంక చూసుడు లేదు." ఇరవై నిమిషాలలో తెల్లబంతి నా క్యూ మొనకు తిరిగి రావడం మొదలుపెట్టింది.

ఇక్కడ నా వ్యంగ్యం నాకు సహకరించడం లేదు. ఈ దేశంలో ఈ ఆటలు క్లబ్బులలో పుట్టి పెరిగాయి. పూల్‌కు దాయాది ఆట అయిన స్నూకర్ 1875లో జబల్పూర్‌లో తెల్లదొరల సైనికాధికారుల మధ్య పుట్టిందని అందరూ గర్వంగా చెబుతారు. 1958లో మన దేశపు ఆటగాడు విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యాడని కూడా చెబుతారు. ఆ బల్లల పక్కన నిలబడి లెక్క రాసి, సభ్యుడికి జోడీ దొరకనప్పుడు ఎదుట ఆడి, తాను ఎప్పుడు ఓడాలో కూడా తెలుసుకొని బతికిన మార్కర్ల పేర్లు ఎవరు చెబుతారు? దొరలు పోయారు, మన బుద్ధి పోలేదు. ఆ అయిదుగురిలో ముగ్గురు షటర్ దించిన తరువాత ఆ కుర్రవాడి దగ్గర నేర్చుకున్నవారేనని నాకు తరువాత తెలిసింది. లెక్చరర్‌కు ఆ పలుచని కొట్టుడు నేర్పినది కొరియోలిస్ కాదు, ఇతడే. పగటిపూట నలుగురిలో మాత్రం వారికి అతడు "అరేయ్". "అరేయ్, బంతులు పేర్చు. అరేయ్, చాయ్ చల్లగున్నది." విద్య తీసుకున్న నోటితోనే! తెలిసినవాడు పక్కనే నిలబడి ఉంటే, వాడి చేతిలో చాయ్ ట్రే ఉన్నదన్న ఒక్క కారణానికి వాడిని అడగకుండా, నా నడుము విరిచిన ఈ పెద్దమనుషులకు సిగ్గు లేదు. వాడు గోడ దగ్గర ఉన్నంతసేపూ వాడివైపు ఒక్కసారి కూడా చూడని నాకూ లేదు.

మరుసటి వారం ఒక గంటకు కిరాయి ముందే కట్టాను. ఎదుట ఆడేది ఎవరని యజమాని అడిగితే, కుర్రవాడిని చూపించాను. ఆయన గట్టిగా నవ్వి, "వాడా? వాడు ఆడితే బట్ట ఖరాబైతది సార్" అన్నారు. నలుగురు గురువులు అవునన్నట్టు తల ఊపారు; అయిదవవారి నోట్లో బజ్జీ ఉన్నది. కుర్రవాడు ఏమీ అనలేదు. ప్రతి ఉదయం చేసినట్టే ఆ రోజు కూడా ఆ పచ్చని బట్టను ఈ చివర నుంచి ఆ చివరి దాకా బ్రష్‌తో దువ్వినది అతడే.