తాళంచెవిదే తప్పు

నీలిగడ్డం దొర కథను ఎవరో మూడు నిమిషాల వీడియోగా తీసి జనం మీదికి వదిలారు. మా వీధి పెద్దమనిషి చూసి కుమిలిపోయారు. "పెళ్లాలను చంపడం మీద హాస్యాలేమిటండీ? కుటుంబ వ్యవస్థ ఏమైపోవాలి?" అన్నారు. ఆయన అభ్యంతరమంతా హాస్యంతోనే. చంపడమంటారా, అది ఆలుమగల మధ్య విషయం.

పాపం, అసలు కథ ఎంత పవిత్రమైనదని! 1697లో ఫ్రాన్సులో షార్ల్ పెరో అచ్చువేయించాడు. దొర ఊరికి వెళుతూ కొత్త పెళ్లాం చేతికి తాళాలగుత్తి ఇచ్చి, ఒక్క గది తెరవొద్దంటాడు. తెరుస్తుంది. లోపల పాత భార్యల శవాలు. చేయి జారిన తాళంచెవికి నెత్తురు అంటుకుంటుంది, ఎంత కడిగినా వదలదు. చివర పెరోగారి నీతి ఏమిటనుకున్నారు? కుతూహలం ఆడవాళ్లకు చేటు! హంతకుడికి నీతితో పనిలేదు కాబోలు. పైగా రెండో నీతి కూడా ఉంది: ఇది పాతకాలపు ముచ్చట, ఇప్పుడు అంత భయంకరమైన మొగుళ్లు లేరని. 300 ఏళ్లు దాటినా ఆ 'ఇప్పుడు' ఇంకా రాలేదు.

వీడియోలో మాత్రం ఆ గదిలోనే పంచాయితీ. పైన శవాలు, కింద కుర్చీలు, మధ్యలో కాఫీలు. "తాళం ఎందుకు తీశావమ్మా?" అని ఒకాయన. "మా రోజుల్లో గది ఉన్న సంగతే మాకు తెలియదు" అని ఒక పెద్దావిడ. "కోపిష్టే గానీ మనసు వెన్న" అని దొరగారి మేనత్త. మొదటి భార్య పాదం నెత్తికి తగులుతుంటే ఒక పెద్దాయన మర్యాదగా కుర్చీ పక్కకు జరుపుకుంటాడు. ఇంకొకాయన తాళంచెవిని వెలుతురులో తిప్పి చూసి, చింతపండుతో తోమితే మరక పోతుందని తేలుస్తాడు. ఒక బిడ్డ పుడితే దొర మారతాడని తీర్మానం.

ఇందులో అతిశయోక్తి ఎక్కడుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నూటికి 80 మందికి పైగా ఆడవాళ్లు, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబేనన్నారు. అడిగిన కారణాల్లో వంట సరిగ్గా చేయకపోవడం కూడా ఒకటి. వంట! ఆ మాట వాళ్ల నోట పెట్టింది ఎవరు? అర్ధరాత్రి వాచిన మొహంతో పుట్టింటికి ఫోను చేసిన పిల్లతో "మెల్లగా మాట్లాడు, పక్కింటివాళ్లు వింటారు" అన్నది ఎవరు? మర్నాడు సారెతో సహా ఆ గుమ్మంలోనే మళ్లీ దింపి వచ్చింది ఎవరు? సిగ్గులేని మనుషులు వీడియో చూసి మనోభావాలు దెబ్బతిన్నాయంటారా!

పెరో కథలో అన్నలు గుర్రాల మీద దూసుకొచ్చి దొరను నరికేస్తారు. వీడియోలోనూ అన్నలు వస్తారు. చింతపండు తెస్తారు.