సవరణ: ఇనారిజుషి పూర్తి శాకాహారం కాదు

వేయించిన టోఫు సంచుల్లో పుల్లటి అన్నం కూరే జపాన్ వంటకం ఇనారిజుషి గురించి నేను రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి. మొదటిదే పెద్దది. ‘పూర్తి శాకాహారం’ అన్నాను. కాదు. సంచులను ఉడికించే దాషి నీళ్లను జపాన్‌లో సాధారణంగా కొంబు అనే సముద్రపు నాచుతో పాటు ఎండు బొనీటో చేప తురుము వేసి కాస్తారు. కొనుక్కొచ్చిన రెడీమేడ్ సంచుల్లోనూ అది ఉండొచ్చు, పొట్లం మీద పదార్థాల జాబితా చదవండి. నా మాట నమ్మి చేప తినని వాళ్లెవరైనా తిని ఉంటే మనస్ఫూర్తిగా క్షమించమని అడుగుతున్నాను. కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులు రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలోనే సోయా సాస్, చక్కెర, మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు వైన్) వేసి సంచులను ఉడికించండి. రుచికి ఏ లోటూ ఉండదు.

రెండోది, అన్నం చల్లారాక వెనిగర్ కలపమన్నాను. పులిహోరకు అన్నం ఆరబెట్టే అలవాటు కొద్దీ అలా రాశాను. ఇక్కడ పొగలు వస్తుండగానే కలపాలి, అప్పుడే మెతుకు పీల్చుకుంటుంది. 180 మి.లీ. కప్పుతో 2 కప్పుల బియ్యానికి 4 పెద్ద చెంచాల వెనిగర్, 2 పెద్ద చెంచాల చక్కెర, 1 చిన్న చెంచా ఉప్పు.

సంచుల మీద ముందుగా మరుగుతున్న నీళ్లు పోసి నూనె వదిలించమన్నది మాత్రం సరైనదే. అది మానకండి.