రూల్స్ ఉచితమైతే రూల్‌బుక్ ఎవరు కొంటారు?

ఫ్రీగా దొరికేదాన్ని డబ్బు పెట్టి ఎవరు కొంటారని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే: నేను కొన్నాను. మా టేబుల్ దగ్గర ఆడే అయిదుగురిలో నలుగురం కొన్నాం.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. మేం దాన్ని మొదలుపెట్టింది ఉచిత రూల్స్‌తోనే. ఎస్‌ఆర్‌డీ అనే ఆ ఉచిత రూల్స్ పత్రంతో ఆట నడుస్తుంది. కానీ అప్పటి 5.1 వెర్షన్‌లో ఒక్కో క్లాస్‌కి (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్ర రకానికి) ఒకటే సబ్‌క్లాస్. బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గతం) ఒకటే, ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) ఒకటే. అంత పేరున్న బిహోల్డర్ అనే రాక్షసిని ఆడించడానికి కావాల్సిన వివరాలు అందులో లేవు. బొమ్మల్లేవు. నాలుగు వారాలు ఆడేసరికి అందరికీ అసలు పుస్తకం మీదికి మనసు పోయింది. ఆట తెలియకపోతే ఆ పుస్తకం మాకెందుకు?

2000లో మూడో ఎడిషన్‌తో పాటు ఈ ఆట కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఓపెన్ గేమ్ లైసెన్స్ తెచ్చినప్పుడు అక్కడ పనిచేసిన ర్యాన్ డాన్సీ వేసిన లెక్క ఇదే. బయటివాళ్లు రాయల్టీ కట్టకుండా ఈ రూల్స్ మీద కథలు రాసి అమ్ముకోవచ్చు. వాటిని ఆడేవాళ్లు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే అసలు రూల్‌బుక్ దగ్గరికే వస్తారు. నష్టమే జరగలేదని అనను. నాసిరకం పుస్తకాలు కుప్పలుగా వచ్చి దుకాణాల్లో మిగిలిపోయాయి, చిన్న ప్రచురణకర్తలు చాలామంది దెబ్బతిన్నారు.

2008లో నాలుగో ఎడిషన్‌కి లైసెన్స్ బిగించారు. అప్పుడు పైజో అనే మరో ప్రచురణ సంస్థ పాత రూల్స్‌నే తీసుకుని 2009లో పాత్‌ఫైండర్ అనే సొంత ఆట తెచ్చింది. తన రూల్స్‌నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అయినా 2011లో హాబీ షాపుల అమ్మకాల ర్యాంకుల్లో డీ అండ్ డీని దాటింది! ఓపెన్ లైసెన్సే పోటీదారుని పుట్టించిందంటారు. దారి ఇచ్చింది, నిజమే. కానీ పైజోని ఆ దారి పట్టించింది తలుపు మూయడమే.

2023 జనవరిలో విజార్డ్స్ మళ్లీ అదే తప్పు చేసింది. బయటి ప్రచురణకర్తల నుంచి, ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై 25 శాతం దాకా రాయల్టీ అడిగే కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. ఆటగాళ్లు కంపెనీ ఆన్‌లైన్ సర్వీసు సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకున్నారు. ఆ నెలాఖరుకల్లా కంపెనీ వెనక్కి తగ్గి ఎస్‌ఆర్‌డీని, ఎవరైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టేసింది. ఈలోగా ఎనిమిది నెలలకు సరిపడా పాత్‌ఫైండర్ కోర్ రూల్‌బుక్‌లు రెండే వారాల్లో అమ్ముడయ్యాయని పైజో చెప్పింది. ఆ రూల్స్ అప్పటికే నెట్‌లో ఉచితం. కొన్నవాళ్లకి ఆ సంగతి తెలుసు.

ఇప్పుడా ఎస్‌ఆర్‌డీని మూలం పేరు చెప్పి ఎవరైనా తెలుగులోకి తేవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఇంగ్లిష్ చూసి టెన్షన్ పడే మా అయిదో ఫ్రెండ్ కోసం నేను మొదలుపెట్టాను. యుద్ధం రూల్స్ అయిపోయాయి. మంత్రాలు మిగిలాయి.