పదకొండు సెంటీమీటర్ల నేరం

మా స్నానాలగది అద్దం పక్కన ఒక నేరం జరిగింది. ప్లగ్ పాయింటుకీ వాష్‌బేసిన్‌కీ మధ్య 49 సెంటీమీటర్లే ఉంది. ఉండాల్సింది 60 అట. సొంత ఇల్లు బాగుచేయించుకుంటున్నవాడికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి?

ఈ ఘోరాన్ని కనిపెట్టినవారు కరెంటు పని తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు. ఆయన చేతిలో టేపు ఉంది. టెస్టర్ లేదు, మీటరు లేదు. అంతటి నిపుణులకు పనిముట్లెందుకు!

టేపు ఎక్కణ్నుంచి పట్టాలన్నది ఆషామాషీ వ్యవహారం కాదు. మొదట బేసిన్ అంచు నుంచి పట్టారు. 49. "కుళాయి నుంచి పట్టాలేమో సార్" అన్నాడు మా ఎలక్ట్రీషియన్ మెల్లగా. అలా పడితే 71. ఇన్‌స్పెక్టరు గారి మొహం చిన్నబోయింది. కుళాయి మూతిని ప్లగ్గువైపు తిప్పించి మళ్లీ కొలిచారు. 63. ఇంకా మూడు ఎక్కువే! చేతులు కడుక్కునేటప్పుడు నీళ్లు చిందే దూరం తీసెయ్యాలి కదా అన్నారు. చిందించి చూపించమన్నారు. చిందించాను. టేపు రెండో కొస పట్టుకున్న తాపీమేస్త్రి, తడిసిన చొక్కాతో "ఎంతని రాసుకోమంటారు?" అని అడిగాడు. చివరికి బేసిన్ అంచే ఖాయమైంది. అక్కణ్నుంచి పడితేనే కదా నా తప్పు తేలేది!

"ప్లగ్గు జరపండి" అన్నారు. టైల్స్ వేసి నాలుగు రోజులైంది.

"ఏ నిబంధన ప్రకారమండీ?"

"సేఫ్టీ అండీ."

"సేఫ్టీయే. ఏ నిబంధన?"

"20 ఏళ్ల నుంచి చూస్తున్నాను."

20 ఏళ్లు అన్నది సెక్షన్ నంబరని అప్పటిదాకా నాకు తెలియదు.

నేనూ తక్కువ తిక్క మనిషిని కాదు. కూర్చుని చదివాను. ఐఈసీ 60364 అనే అంతర్జాతీయ ప్రమాణంలో స్నానాలగదుల కోసం 701 అని ఒక భాగం ఉంది. అందులో 60 సెంటీమీటర్ల ముచ్చట నిజంగానే ఉంది, కాకపోతే అది స్నానపు తొట్టె అంచు నుంచి లెక్క. తొట్టె లేని షవరైతే నీళ్లొచ్చే చోటు నుంచి 120. వాష్‌బేసిన్‌తో ఆ హద్దులకు పనే లేదు. మా ఇంట్లో తొట్టె లేదు. షవరేమో అవతలి గోడకుంది. ఆ హద్దులు దాటాక ప్లగ్గు పెట్టుకోవచ్చు, కానీ దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) కాపలా ఉండాలి. అసలు షరతు అదీ. ప్రింటు తీసి చేతికిస్తే, "ఇవన్నీ పుస్తకాల్లో ఉంటాయండీ" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. (నిబంధనలు ఇంకెక్కడుంటాయో!)

గోడ చెక్కడం కంటే బేసిన్ జరపడమే సులువని ప్లంబర్ తేల్చాడు. జరిపాం. ఇప్పుడు తలుపు బేసిన్‌కి తగిలి సగమే తెరుచుకుంటుంది. లోపలికి పక్కవాటుగా వెళ్లాలి. రెండోసారి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారూ అలాగే దూరి, 60 చూసుకుని, సంతకం పెట్టి, అలాగే బయటికొచ్చారు.

ఆ సాయంత్రం ఎందుకో ప్లగ్గు ప్లేటు విప్పాను. ఆకుపచ్చ వైరు కొస కత్తిరించి, వెనక్కి మడిచి, టేపు చుట్టి (ఇది ఇంకో రకం టేపు) డబ్బాలో కుక్కి ఉంది. ఎర్తు లేదు. మూడు కన్నాల్లో ఒకటి అలంకారం. బోర్డు తెరిస్తే 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చి) ఉంది, ఆర్‌సీసీబీ లేదు. ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. తడి చేతిలోంచి ఒంట్లోకి ఆంపియరులో పదో వంతు పాకినా గుండె ఆగిపోవచ్చు. 16 దాటితే గాని కదలని ఎంసీబీకి అదేం తెలుస్తుంది? ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్లో పూర్తిగా తిరిగి రాలేదని పసిగట్టి, సెకనులో మూడో వంతు గడిచేలోపు కట్ చేయడం ఆర్‌సీసీబీ పని. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. "ఆ బటన్ ఏదీ?" అని ఒక్క మాట అడిగినా గుట్టు బయటపడేది! రెండు మరలు విప్పడానికి రెండు నిమిషాలు. రెండుసార్లు వచ్చి ఒక్కసారీ విప్పలేదు. నా చేత నీళ్లు చిందించడానికి మాత్రం తీరిక దొరికింది. ఇంట్లో పిల్లలున్నారయ్యా! తడిచేతులతో ప్లగ్గు ముట్టుకునేది వాళ్లే. వాళ్లని మీ పదకొండు సెంటీమీటర్లు కాపాడతాయా?

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరు చూపించాను. "సారు అది అడగలేదు కదండీ" అన్నాడు.

రిపోర్టు కాగితం తీసి చూశాను. ఎర్తింగు అన్న గడిలో టిక్కు ఉంది. నిండుగా, రెండుసార్లు దిద్ది మరీ పెట్టారు.